నీలం జంటకు ఆకుపచ్చ పిల్ల

ఆ ఉదయం గడియారాల మెకానిక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. లవ్‌బర్డ్స్ గూడుపెట్టె ఓసారి చూసుకుని, టీ తాగి, దుకాణానికి పోవడం.

బాల్కనీలో రెండు పంజరాలు. ఒకదాంట్లో నీలం జంట, పక్కదాంట్లో ఆకుపచ్చ జంట. నీలం జంట పెట్టెలోని పిల్లకు ఈకలు మొలుస్తున్నాయి. దుకాణంలో వాడే భూతద్దం కంటికి తగిలించుకుని తొంగిచూశాడు. ఈకలు ఆకుపచ్చగా ఉన్నాయి. అద్దం తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆకుపచ్చే.

ఆకుపచ్చ జంటకు ఒక్కోసారి నీలంపిల్ల పుడుతుంది గానీ, నీలం జంటకు ఆకుపచ్చ పిల్ల పుట్టదు. ఈ వింత కడుపులో దాచుకోలేక పక్షులమ్మిన మిత్రుడికి ఫోన్ చేశాడు.

"తల్లీతండ్రీ ఇద్దరిదీ ఒకే రంగు. పిల్ల చూస్తే వేరే రంగు! నాకు తల్లి మీదే అనుమానం. నేను తలుపు సరిగ్గా వెయ్యని రోజు పక్కవాడు దూరుంటాడు."

వంటింట్లో మనవరాలికి పాలు కలుపుతున్న అత్తగారి చేతిలోంచి చెంచా జారిపోయింది. పురిటి బిడ్డను చూసుకోవడానికి వచ్చిన ఆవిడ, పిలిస్తే పలికే దూరంలో అల్లుడున్నా అతణ్ణి అడగలేదు. కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ మీ అక్కని అనుమానిస్తున్నాడ్రా! పక్కింటాయనతో ముడిపెడుతున్నాడు!"

కొడుకు జిమ్‌లో కోచ్. చెమట కూడా తుడుచుకోకుండా వచ్చి, నేరుగా పక్కింటి తలుపు బాదాడు. నోట్లో బ్రష్‌తో తలుపు తీసిన ఫొటోగ్రాఫర్ కాలరు అతని గుప్పిట్లోకి వచ్చింది.

"నిజం చెప్పు. మా బావ ఇంట్లో లేనప్పుడు ఏం చేస్తున్నావ్?"

ఫొటోగ్రాఫర్ నోట్లోంచి బ్రష్ తీశాడు. "తప్పయిపోయిందండీ. ఏడాదిగా సాగుతోంది."

కొడుకు కోసం గుమ్మంలో కాచుకున్న అత్తగారు మెట్ల మీద కూలబడింది.

"ఆయన ఉన్నప్పుడు కూడా మానలేదండీ. మీ వైఫై మా గోడదాకా వస్తోంది. వాడేసుకుంటున్నా."

ఈ గోలకు మెకానిక్ కంటి అద్దంతో సహా బయటికొచ్చాడు. వెనకే నిద్రకళ్లతో, భుజాన పాపతో భార్య.

"మా అమ్మాయి మీద నింద వేస్తారా అల్లుడుగారూ? పక్కవాడంటూ ఫోన్‌లో చెప్పలేదూ?"

"మీ అమ్మాయా? అయ్యో అత్తయ్యగారూ, నేనన్నది నీలంపిట్టని! పక్కవాడంటే పక్క పంజరంలో మగపిట్ట!"

"అమ్మా, నన్నో మాట అడిగితే పోయేది కదే!" అంది భార్య, నవ్వాలో ఏడవాలో తెలియక.

అందరూ బాల్కనీకి నడిచారు. ఫొటోగ్రాఫర్ కూడా నడిచాడు, కాలరు ఇంకా కోచ్ గుప్పిట్లోనే ఉంది మరి. గూడుపెట్టె మూత తీయగానే అత్తగారి గొంతు సన్నబడింది.

"అదీ... ఆ మధ్య పంజరాలు కడిగినప్పుడు ఓ గుడ్డు దొర్లిందండీ. ఏ పెట్టెలోదో తెలీలేదు. గుడ్లన్నీ తెల్లగానే ఉన్నాయి కదా, చేతికందిన పెట్టెలో పెట్టేశా."

కోచ్ మెల్లగా కాలరు వదిలాడు. వదలడమే కాదు, ముడతలు కూడా సరిచేశాడు. మెకానిక్ మళ్లీ మిత్రుడికి ఫోన్ చేసి, తల్లి నిర్దోషి అని తేల్చి చెప్పాడు. అత్తగారు ఒకరి తర్వాత ఒకరికి క్షమాపణ చెప్పుకుంటూ వచ్చింది.

నీలంపిట్ట అవేమీ పట్టించుకోకుండా ఆకుపచ్చ పిల్ల నోట్లో మేత పెడుతోంది.