తోటకొట్టు వాకిట కొసరు సంగ్రామము

వైశాఖమాసమున, ప్రచండమార్తాండుడు తుని మొదలు గోదావరీతీరము దాక సకలజనుల నడినెత్తులపై నిప్పులు చెరుగుచుండ, సామర్లకోటకు బోవు కాలువగట్టు దారిప్రక్కన, పదునాలుగెకరముల నారికేళామ్రవనమధ్యమున, నిన్నటిదాక ఎరువుల బస్తాలకు నిలయమై, నేడు సున్నపు ధావళ్యముతో, బంతిపూల తోరణములతో వెలుగొందుచున్న రేకులషెడ్డు నొకదానిని, ఓ శ్రోతలారా, మనస్సున నిలుపుకొనుడు! దాని నామధేయము తోటకొట్టు. దాని యధీశ్వరి ప్రసన్నకుమారి.

ఆమె సామాన్యురాలా! సొంతతోట మామిడిరసమును తాటిచాపలపై పొరపొరగా బోసి యెండించిన తాండ్రకోవిద. ఆవకాయ జాడీలకు వాసెన గట్టుటలో అందెవేసిన చేయి. అయిననేమి? ఆమె భర్త, ఆ వనసార్వభౌముడు గంగాధరుడు, తెల్లవారి కాఫీ త్రాగుచు, ఎగతాళికి ‘అండి’ చేర్చి, యొక భీషణప్రతిజ్ఞ గావించెను.

"పన్నెండింటిదాకా చూస్తానండి ప్రసన్నగారూ. అప్పటికి బోణీ అవ్వకపోతే నా బస్తాలు నా షెడ్డులోకొచ్చేస్తాయండి, అంతే!"

పదునొకండు దాటెను. కార్లు వచ్చినవి, దుమ్ము లేపినవి, పోయినవి. గంగాధరుడు మొదటి బస్తాను మోసికొనివచ్చి, గుమ్మమున కల్లంత దూరమున దింపి, దానిమీదనే కూర్చుండి కాళ్లూపుచుండెను. 

అంతలో భీమేశ్వరస్వామి దర్శనము చేసికొని మరలుచున్న వ్యాను కీచుమని యాగెను. అందుండి నుదుట విభూతితో, చంకన సంచితో దిగినది, తుని సంతలో ఏ వర్తకుని చేతనైనను కొసరు పెట్టింపక వదలి యెరుగని బేరకేసరి, త్రాసుధారుల గుండెదిగులు, లోవమ్మ! "ముందు లోవమ్మపిన్ని బేరం చూసి అప్పుడు దిగుదామే" అనుకొనుచు వ్యానులోని వనితాసేన కిటికీలకు మొగము లానించి వేచెను.

లోవమ్మ తాండ్రముక్కను నోట వేసికొని, కన్నులరమోడ్చి, చప్పరించి తల యూపెను. "బావుందమ్మా. రెండు ప్యాకెట్లియ్యి." ప్రసన్నకుమారి హృదయము పొంగెను. అప్పుడు లోవమ్మ కుడిచేయి చాచి, ఒక్క మాట పలికెను.

"కొసరు?"

హా! ఆ మూడక్షరములు పిడుగులై పడినవి. ఏలయన, కొసరు వ్యాపారమునకు చేటని రాజమండ్రి శిక్షణతరగతిలో విన్నది మొదలు, ఆ మహాసాధ్వి తాండ్రను, ఆవకాయను, తుదకు మునగకాడలను సైతము సంచులలో బెట్టి, మూతు లతికించి, తూకపు చీటీ లంటించియుండెను. కొట్టున విడిగా నున్నది ఆమె యొక్కతెయే.

"కొసరుండదండి!" అని గర్జించెను ప్రసన్నకుమారి. "ఇది సంత కాదండి, ఫిక్స్‌డ్ రేటండి! గ్రాము తగ్గదు, గ్రాము పెరగదు. సూర్యుడు పడమట పొడిచినా సరే, ఈ బల్ల మీంచి కొసరన్నది కదలదండి!"

"ఏంటమ్మా, బోణీ బేరానికి కొసరు పెట్టవా?" అని ప్రతిగర్జించెను లోవమ్మ. "మా అమ్మకి పెట్టారు, మా అత్తకి పెట్టారు, నాకూ ఇన్నేళ్లూ పెట్టారు. ఇప్పుడుత్తి చేతుల్తో ఆ వ్యానెక్కితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీ తాండ్ర నువ్వే తిను!"

అని వెనుదిరిగెను. గంగాధరుడు లేచి బస్తాకు భుజము పట్టెను.

 షెడ్డు పోవుచున్నది! ప్రసన్నకుమారి పౌరుషమును దిగమ్రింగి, ఏదేని పెట్టుదమని చూడ, ఒక్క మిరపకాయయైనను విడిగా లేదు. తన గొయ్యి తానే త్రవ్వుకొన్నట్లాయెను. అప్పుడు కిటికీ యవతల, గోడ నానుకొని, దట్టముగా, పచ్చగా, ధర లేక, చీటీ లేక నిలిచిన కరివేపాకు చెట్టు కంటబడెను. లంఘించెను! ఒక రెమ్మ విరిచెను!

"అమ్మా, ఆగండి! ఇది కొసరు కాదండోయ్. చెట్టు కొట్టులోది కాదు, దీనికి రేటూ లేదు. ఊరికే ఇస్తున్నాను."

లోవమ్మ రెమ్మను వాసన చూచి, సంచిలో వేసికొని, తాండ్ర నందుకొనెను. "పేరేదైతే ఏంటమ్మా, చేతిలో పడింది కదా." పిమ్మట వ్యానువైపు తిరిగి శంఖారావము పూరించెను. "దిగండే! పెడతన్నారు!"

వనితాసేన కట్టతెగిన కాలువవలె వచ్చిపడెను. తాండ్ర హరించెను, ఆవకాయ హరించెను, మునగకాడలు మాయమయ్యెను. చాచిన ప్రతి చేతిలోను "కొసరు కాదండోయ్" అనుచు ప్రసన్నకుమారి రెమ్మ పెట్టెను. క్రిందికొమ్మలు బోసిపోగా, గంగాధరుడు స్టూలెక్కి పైకొమ్మలు విరిచి యందించెను. వ్యాను కదలునప్పటికి చెట్టున ఒక్క ఆకు లేదు.

మధ్యాహ్నము విస్తరిముందు కూర్చున్న గంగాధరుడు పప్పు తాలింపును గరిటెతో నటునిటు వెదకెను.

"కరివేపాకేదే?"

"బోణీకి పోయిందండి," అనెను ప్రసన్నకుమారి, నేయి వడ్డించుచు.

ఓ లోకులారా, వినుడు! కరివేపాకు లేని పప్పును ఆ వనసార్వభౌముడు మారు వడ్డించుకొని మరీ భుజించెను. జయము, ప్రసన్నకుమారికి దిగ్విజయము!