సమ్మర్ వాంగ్ అసలు పేరుతో మనకేం పని?

అమ్మానాన్నలు పెట్టిన పేరంత దండగమారి వస్తువు ఇంకొకటి లేదు!

కోప్పడకండి, ముందు వినండి. చదువు కోసం ఆస్ట్రేలియాలో దిగిన పిల్లలు మొదట చేసే తెలివైన పని సిమ్ కార్డు కొనడం. రెండోది పేరు కత్తిరించుకోవడం. జనార్దనరావు 'జాన్' అవుతాడు. చాముండేశ్వరి 'షామ్' అవుతుంది. కాఫీ కప్పు మీద పేరు రాసే కుర్రాడికి ఎంత సిరా ఆదా!

చైనా పిల్లలు ఇంకా నయం. వాళ్లు కత్తిరింపుల జోలికే పోరు. పాత పేరును మడిచి సూట్‌కేసులో పెట్టేసి కెవిన్, ఏంజెలా అని కొత్తది తొడుక్కుంటారు. ఒక్కో క్లాసులో నలుగురు కెవిన్‌లు! ఒకడు "ప్రెజెంట్" అంటే నలుగురికీ అటెండెన్సు పడిపోతుంది. ఎదుటివాడి నాలుకకు శ్రమ తగలకూడదని సొంత పేరునే వదులుకునేంత మర్యాద మనకుందా?

అడిలైడ్‌లో, మాసన్ లేక్స్ క్యాంపస్‌లో మాస్టర్స్ చదివే సువార్తమ్మకు ఈ సత్యం మొదట్లో బోధపడలేదు. బాపట్ల పిల్ల. నాయనమ్మ పేరు పెట్టారు. ట్యూటర్ మొదటి రోజే "హాయ్ సూ" అన్నాడు. ఇంతెత్తున లేచింది! పై వాళ్లకు ఈమెయిల్ కొట్టింది. అందులో 'ఐడెంటిటీ' అనే మాట పదిహేను సార్లు ఉంది.

అంతటితో ఆగిందా? పేర్ల గురించి విద్యార్థులు పెట్టిన ఒక సభలో మైకు పట్టుకుని, "సువార్త అంటే గుడ్ న్యూస్! నా పేరు నోరారా పలకలేని వాళ్లు నాకు ఫ్రెండ్స్ ఎలా అవుతారు?" అని అందరి చేతా కన్నీళ్లు పెట్టించింది. మర్నాటి నుంచి ట్యూటర్ చెమటలు కక్కుతూ "సువర్టమా" అనడం మొదలుపెట్టాడు. ఆ సభలో ముందు వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, ఆమె హౌస్‌మేట్ సమ్మర్.

సమ్మర్ వాంగ్‌ది చైనాలో హునాన్ వైపు. ఇద్దరిదీ రెండేళ్లుగా ఒకే వంటగది. ఆ పిల్ల ఎండుమిరపకాయలు ఈ పిల్ల కూరలోకి, ఈ పిల్ల ఆవకాయ ఆ పిల్ల నూడుల్స్‌లోకి నడిచేవి. సభ అయిన రోజునుంచి సమ్మర్ వారం పాటు తంటాలు పడి, ఒత్తు పోకుండా "సువార్తమ్మ" అని బాపట్ల వాళ్లలాగే పిలవడం నేర్చుకుంది. మన పిల్ల మాత్రం సమ్మర్‌ను సమ్మర్ అనే పిలిచేది. తప్పా? ఆ పిల్ల పెట్టుకున్న పేరే కదా!

ఒక ఆదివారం అన్నాలు తింటుంటే సమ్మర్ తన పేరు కథ చెప్పింది. చైనా వాళ్లకు నాలుగక్షరాల నుడికారాలు వేలకొద్దీ ఉన్నాయట. వాటిని చెంగ్యూ అంటారట. పెద్దవాళ్లు వాటిలోంచి ఒకటి రెండు అక్షరాలు తీసి పిల్లలకు పేర్లు పెడుతుంటారట. రాలిన ఒక్క ఆకును చూసి శరత్కాలం వచ్చిందని గ్రహించడం అనే అర్థంతో ఒక చెంగ్యూ ఉంది. దాని చివరి రెండక్షరాలే సమ్మర్ అసలు పేరు. చిన్న గుర్తు చూసి పెద్ద సంగతి కనిపెట్టే పిల్ల కావాలని వాళ్ల నాయనమ్మ పెట్టిందట.

మరి సమ్మర్ ఎక్కడిది? ఇంగ్లీషు క్లాసులో చేరినప్పుడు 'ఆటమ్' అని పెట్టుకోబోతే, అది అప్పటికే ఇంకో అమ్మాయి పట్టేసిందట. మిగిలింది ఇదే!

"వావ్, సో బ్యూటిఫుల్!" అంది సువార్తమ్మ. నిజంగానే కదిలిపోయింది. అరగంటలో పెరట్లో ఒక ఎండుటాకును ఫోటో తీసి, 'ప్రాచీన చైనా జ్ఞానం' అని ఇంగ్లీషులో రాసి ఇన్‌స్టాలో పెట్టింది. రెండువందల పన్నెండు లైకులు! తర్వాతి ఆదివారం తెలుగు చర్చిలో సాక్ష్యం చెబుతూ అక్కడా వాడుకుంది. అర్థం కంఠతా వచ్చేసింది.

ఆ రెండక్షరాలు మాత్రం రాలేదు. సమ్మర్ రెండుసార్లు పలికింది పాపం. అప్పుడు మన పిల్ల ఫోటోకు పనికొచ్చే ఆకు కోసం కిటికీలోంచి చూస్తోంది. భావం ముఖ్యం గానీ శబ్దంతో పనేముంది, చెప్పండి?

ఏప్రిల్‌లో సమ్మర్ గ్రాడ్యుయేషన్. వాళ్లింట్లో ఎవరికీ రావడానికి కుదరలేదు. రెండు గెస్ట్ టికెట్లూ సువార్తమ్మ చేతిలో పెట్టి ఒక్కటే అడిగింది.

"నా పేరు పిలవగానే నువ్వు గట్టిగా అరవాలి. వీడియో తియ్యాలి. అందరి వీడియోల్లోనూ వాళ్ల వాళ్లు అరుస్తారు. నాకు మాత్రం ఎవరూ అరవకపోతే, ఇక్కడ నాకెవరూ లేరని మా నాయనమ్మ దిగులు పెట్టుకుంటుంది."

"డోంట్ వర్రీ! హాలు అదిరిపోద్ది చూడు!" అంది సువార్తమ్మ.

రెండో టికెట్ మీద చర్చిలో పెద్దావిడ ప్రిస్సిల్లా ఆంటీ వచ్చింది. కారు ఆవిడదే. ఇద్దరికీ బాల్కనీలో సీట్లు. కింద మూడొందల నల్ల గౌన్లు, మూడొందల నల్ల టోపీలు. సువార్తమ్మ వీడియో ఆన్ చేసి, ఒక చేత్తో ఫోన్ పైకెత్తి, రెండో చేత్తో పేర్లు అచ్చేసిన పుస్తకం తెరిచింది.

అందులో సమ్మర్ లేదు! యూనివర్సిటీకి ఎంత కుసంస్కారమో చూడండి, అందరివీ అసలు పేర్లే వేసింది. వాంగ్‌లు మాత్రం పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో ఆకు చూసి శరత్తును పట్టేసిన వాంగ్ ఎవరు? ఇంగ్లీషు అక్షరాల్లో ఆకు ఎలా కనబడుతుంది?

ఇంతదూరం చదివారు కదా, ఆ పిల్ల అసలు పేరేమిటని మీరైనా అనుకున్నారా? లేదు కదూ. మరి సువార్తమ్మను మాత్రం అనకండి.

వచ్చిన ప్రతి వాంగ్‌కీ అరిస్తే సరి అనుకుంది. మొదటి వాంగ్ పేరు వినబడగానే లేచి "గో సమ్మర్!" అని అరిచింది. ఆరడుగుల గడ్డం కుర్రాడొకడు బిత్తరపోయి బాల్కనీ వైపు చూశాడు. రెండో వాంగ్‌కు అరిచేసరికి కోటు వేసుకున్న ఒకాయన వచ్చి, దయచేసి కూర్చోమన్నాడు.

"పరువు తియ్యకే తల్లీ! అసలా పిల్ల పేరేంటో తెలుసా నీకు?" అంది ఆంటీ.

"అదే చూస్తన్నా ఆంటీ, వన్ మినిట్!"

వేదిక మీద తెల్లాయన ఒక్కో పేరూ తడుముకోకుండా చదువుతున్నాడు. ముందే పిల్లలందరి చేతా పలికించి రికార్డు చేయించుకుని విన్నాడట. ఎంత పనిలేని మనిషో!

"వాంగ్ జీచ్యో" అన్నాడాయన.

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఆంటీ మోచేత్తో పొడిచి, "ఇదిగో అమ్మాయ్, ఈ పిల్లేనా?" అంది.

సువార్తమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండానే, "కాదాంటీ, ఈవిడెవరో!" అంది.

తలెత్తేసరికి ఇంకో ఇంటిపేరు నడుస్తోంది. పదకొండు మంది వాంగ్‌లూ అయిపోయారు. పట్టా చేతిలో పట్టుకుని మెట్లు దిగుతూ, సమ్మర్ బాల్కనీ వైపే చూస్తోంది. సువార్తమ్మకు తల కొట్టేసినట్టయింది. మైకు పట్టుకుని తను చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి, ఏడుపొచ్చింది.

బయటికి రాగానే సమ్మర్ వాటేసుకుంది. ఫోన్ తీసుకుని, వీడియో అక్కడికక్కడే హునాన్‌కు పంపేసింది. ఐదు నిమిషాల్లో నాయనమ్మ ఫోన్.

"నీ గొంతు భలే స్పష్టంగా వినిపించిందట! నా పేరు వినగానే నువ్వు అన్న మాటేంటని అడుగుతోంది. ఏమన్నావ్?" అంది సమ్మర్, కళ్లింత చేసుకుని.

నిజం చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా. కానీ ఆ మొహం చూశాక ఎలా చెబుతుంది?

"అదా... మా తెలుగులో అది బ్లెస్సింగ్. ఎవరైనా పెద్ద సక్సెస్ కొడితే అలా అంటాం" అంది.

"తెలుగు చెంగ్యూ!" అని ఎగిరి గంతేసింది సమ్మర్. ఇంటికెళ్లాక నోట్‌బుక్ తీసి, చైనా అక్షరాల్లో రాసుకుని, మన పిల్ల చేత పదిసార్లు పలికించుకుంది. 'డ' దగ్గర నాలుక మడతపడక తెగ అవస్థపడింది. ఇంక చాల్లే అంటే వినదే! ఫ్రెండ్ మాటను సగం సగం పలకకూడదట. వారంలో నాయనమ్మకు కూడా నేర్పేసింది.

చూశారా? ఆ పిల్లకు తెలుగు రాకపోవడం, ఈ పిల్లకు ఆ పేరు రాకపోవడం ఎంత వరమో! రెండూ వచ్చి ఉంటే స్నేహం ఆ రోజే కొట్టుకుపోయేది.

అక్టోబరులో సువార్తమ్మ గ్రాడ్యుయేషన్ జరిగింది. పేరు పూర్తిగా చదవాలని తెల్లాయనకు మూడు ఈమెయిళ్లు పెట్టింది. ఆయన చక్కగా చదివాడు కూడా. బాపట్లలో అమ్మానాన్నలు, చర్చివాళ్లు లైవ్ పెట్టుకుని కూర్చున్నారు. ఆమె వేదిక ఎక్కేసరికి బాల్కనీలో ప్రిస్సిల్లా ఆంటీ పక్కన జీచ్యో లేచి నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, హాలు అదిరిపోయేలా అరిచింది.

"సువార్తమ్మా! కాదాంటీ, ఈవిడెవరో!"

ఒక్క అక్షరం పొల్లు పోలేదు.