ఓవర్సీరుగారి రెండో అంతస్తు

ఆ ఉదయం వేసుకున్న ప్లాను చాలా సులువైనది. విమానం దిగిన తల్లిదండ్రుల్ని కూతురు మాట్లాడిపెట్టిన టాక్సీ ఎక్కించుకుని ఆమె ఉండే బిల్డింగు ముందు దింపుతుంది. వాళ్ళు లిఫ్టులో రెండో మీట నొక్కి పైకి వెళ్ళాలి. ఎడమచేతి వైపు తలుపు పక్కన పూలకుండీ ఎత్తితే తాళంచెవి ఉంటుంది. తలుపు తీసుకుని, స్నానాలు చేసి, హాయిగా పడుకోవాలి. యూనివర్సిటీలో పని చూసుకుని మధ్యాహ్నానికల్లా కూతురు వచ్చేస్తుంది. ఇందులో తప్పిపోవడానికి ఏముందని ఆమె అనుకుంది. వాళ్ళ నాన్న సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం ముమ్మాటికీ ఆమె తప్పే.

నాన్నగారు మునిసిపాలిటీలో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు ఎన్ని అంతస్తులకు అనుమతి తీసుకుని ఎన్ని కట్టారో లెక్కపెట్టడమే సర్వీసంతా ఆయన ఉద్యోగం. ఇప్పటికీ ఎదురుగా బిల్డింగు కనిపిస్తే చాలు, మెడ దానంతటదే పైకి లేస్తుంది. లిఫ్టు మాత్రం ఎక్కరు. తను స్వయంగా తనిఖీ చెయ్యని లిఫ్టును ఆయన నమ్మరు. తనిఖీ చేసినవాటిని అసలే నమ్మరు.

"ఎర్రపెన్ను ఈవేళైనా సంతకం పెడుతుందంటారా?" అని టాక్సీలో ఆయన భార్య అడిగింది.

ఎర్రపెన్ను అంటే కూతురి గైడు. అసలు పేరు పలకాలంటే ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. ఆవిడ కంప్యూటరులో చదవదు. కాగితాల మీద అచ్చు తీసి ఇస్తే ఎర్రపెన్నుతో దిద్దుతుంది. థీసిస్ చివరి అధ్యాయం దిద్ది ఎప్పుడో తిరిగిచ్చేశానని ఆవిడ, నాకసలు ఇవ్వనేలేదని కూతురు. ఆ దిద్దుబాట్లన్నీ సరిచేసి చూపిస్తే గానీ సంతకం పెట్టనని ఆవిడ భీష్మించుకుని కూర్చుంది. ఈ వారంలో సంతకం పడకపోతే గడువు ఇంకో ఏడాది పొడిగించరు. ఇన్నేళ్ళ చదువూ అటకెక్కించి, తల్లిదండ్రులతో పాటే కూతురు తిరుగు విమానం ఎక్కాలి.

"పెట్టకపోతే మాత్రం కొంపేం మునిగింది? పిల్ల మనతోపాటే ఇంటికొచ్చేస్తుంది," అంది భార్య మళ్ళీ తనే.

"నువ్వు దాని తల్లివా, ఎర్రపెన్ను తరఫు మనిషివా?"

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. కూతురు చదువు పూర్తి కావాలనీ ఉంది, ఇంటికి వచ్చెయ్యాలనీ ఉంది. ఏ కోరిక బయటపెడితే రెండోది చెడిపోతుందోనని కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది.

బిల్డింగు చేరగానే ఓవర్సీరుగారు లిఫ్టుకేసి ఒక్క చూపు చూసి మెట్లవైపు నడిచారు. నేల మీది ఇళ్ళను ఆయన ఏనాడూ అంతస్తుల లెక్కలో వెయ్యలేదు. ఆ దేశంలో మాత్రం లిఫ్టు మీటలు నేల మీదే ఒకటితో మొదలవుతాయి. కాబట్టి ఆయన సూట్‌కేసులు మోసుకుంటూ, ఆయాసపడుతూ, ఎంతో నమ్మకంగా ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేశారు.

ఆ పై ఇంట్లో భర్తతో ఉండేది ఎర్రపెన్నే. కింది ఇల్లు కూతురికి అద్దెకిచ్చిందీ ఆవిడే, తాళంచెవి పూలకుండీ కింద పెట్టే అలవాటు నేర్పిందీ ఆవిడే. ఈ సంగతి కూతురు ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మానాన్నలు పలకరించి వద్దామని పైకి వెళతారేమోనని ఆమె భయం.

కుండీ ఎత్తారు, చెవి దొరికింది, తలుపు తెరుచుకుంది. లోపల అడుగు పెట్టే చోటు లేదు. కుర్చీల మీద బట్టలు, బల్ల మీద తాగి వదిలేసిన కప్పులు. గుమ్మం పక్కనే ఒక జత మగవాళ్ళ బూట్లు.

"ఏవండీ, ఇవెవరివి?"

ఓవర్సీరుగారు తన చెప్పు విప్పకుండానే కాలు ఒక బూటులో దూర్చి చూశారు. ఇంకా చోటు మిగిలింది. "పునాదిని బట్టి చూస్తే ఆరడుగుల పైమాటే," అన్నారు గంభీరంగా.

భార్యకు ఆ మాట వినబడలేదు. ఆవిడ కిటికీ దగ్గర నిలబడిపోయింది. అక్కడ ఒక చెక్క ఉయ్యాల ఉంది. అందులో పరిచి ఉన్నది, కూతురు చదువుకి బయల్దేరేటప్పుడు పాత చీరలతో తను కుట్టి ఇచ్చిన బొంత.

"ఈ కుట్లు నావండీ," అంది బొంత అంచు తడుముతూ.

ఫ్రిజ్ తలుపు మీద ఫొటో ఒకటి అతికించి ఉంది. అందులో కూతురు, చేతుల్లో పసిగుడ్డు, మొహం నిండా నవ్వు. ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. భార్య నేల మీద కూలబడి ఏడ్చింది. ఓవర్సీరుగారు ఫొటోని దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా చూశారు.

"నా సర్వీసులో ఇంత పెద్ద కట్టడం నా కళ్ళుగప్పి ఎవరూ కట్టలేదే!" అన్నారు.

"మనకి చెబితే వద్దంటామా? కన్నబిడ్డ పురుడు పోసుకుంటే వేణ్ణీళ్ళు కాచి ఇవ్వడానికి తల్లి లేకపోయింది!"

కడుపులో దుఃఖం కడుపులోనే దాచుకోవడం ఆవిడకు చేతకాదు. ఫోన్ తీసి ఊళ్ళో ఉన్న అక్కకి చేసింది. "అక్కయ్యా, నీ ఒక్కదానికే చెబుతున్నా. నేను అమ్మమ్మనయ్యాను. అల్లుడు బాగా పొడుగుట. ఎవరికీ చెప్పకు."

"నా సంగతి నీకు తెలీదూ?" అంది అక్కయ్య. చెల్లెలికి బాగానే తెలుసు గానీ ఆ గాభరాలో గుర్తు రాలేదు.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపం వస్తే ఆవిడ ఇల్లు సర్దుతుంది. కొంగు బిగించి ఆ ఇంటి అంతు చూడడం మొదలుపెట్టింది. బట్టలు మడతలకెక్కాయి, కప్పులు తళతళలాడాయి. పసివాడికి గాలి కొడుతుందని ఉయ్యాలని కిటికీ దగ్గర్నుంచి జరపమని భర్తకి పురమాయించింది. ఆయన జరుపుతుంటే ఉయ్యాల ఒక పక్కకి ఒరిగింది. దాని పొట్టి కాలు కింద ఎత్తు కోసం ఎవరో కాగితాల కట్ట పెట్టారు. ఓవర్సీరుగారు కట్ట లాగేసి, దాని బదులు అట్టముక్క మడిచి పెట్టి, ఉయ్యాలని నిటారుగా నిలబెట్టారు.

"వంటింటి అరల్లో పరవడానికి కాగితాల్లేవు. ఇవి పనికొచ్చేవేనా?" అని భార్య అడిగింది.

ఆయన కళ్ళజోడు సూట్‌కేసులో ఉంది. కాగితాల నిండా ఎర్రగీతలున్నాయన్నంత వరకూ ఆనింది. "మా ఆఫీసులో ఎర్రగీత కొట్టారంటే ఆ ప్లాను రద్దయినట్టే. పరిచెయ్," అన్నారు. టాక్సీలో అంతసేపు మాట్లాడుకున్న ఎర్రపెన్ను ఆ క్షణాన ఇద్దరి బుర్రల్లోనూ లేదు. అక్కడ మనవడున్నాడు.

అరలన్నీ పరిచి, డబ్బాలు వరసలో పెట్టేసరికి తలుపు తోసుకుని ఒక మనిషి వచ్చింది. రేగిన జుట్టు, ఎడమ కుడి తేడా తెలియకుండా పెట్టిన బొత్తాలు, ముడిలో గుచ్చుకున్న ఒక పెన్ను, గుండెకు కట్టుకున్న గుడ్డలో గుక్కపట్టి ఏడుస్తున్న పసివాడు. పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడిందని శిశుకేంద్రం వాళ్ళు ఫోన్ చేస్తే, గైడు ఉన్నపళంగా యూనివర్సిటీ నుంచి బయల్దేరి వచ్చింది. తన గది ముందు ఒక విద్యార్థిని కాపు కాస్తోందన్న మాటే మర్చిపోయింది.

ఆవిడ ఇల్లు చూసింది. వారాల తరబడి ఇంటిపనికి మనిషిని పంపమని ఒక కంపెనీ వాళ్ళని బతిమాలుతోంది. చివరికి ఇద్దర్ని పంపారన్నమాట! కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఏదో గబగబా అని, పసివాణ్ణి ఓవర్సీరుగారి భార్య చేతుల్లో పెట్టి, సోఫాలో వాలి నిద్రపోయింది.

"ఈ ఆయా దర్జా చూశారా! బిడ్డని నా చేతిలో పడేసి ఎలా గురక పెడుతోందో!" అంది భార్య. కానీ గొంతులో కోపం లేదు. భుజాన వేసుకోగానే పసివాడు ఏడుపు మానేశాడు. "అచ్చు మీ ముక్కేనండీ," అంది మురిసిపోతూ. ఆయన తన ముక్కు తడుముకుని ఒప్పుకున్నారు.

కాసేపటికి ఆయా లేచింది. ఓవర్సీరుగారికి ఆవిణ్ణి చూస్తే జాలేసింది. కష్టజీవులంటే ఆయనకు గౌరవం. తన ఆఫీసు ఇంగ్లీషు దుమ్ము దులిపి, నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పారు.

"చూడమ్మా, నువ్వు మంచిదానివి. మా అమ్మాయికి గైడని ఒకావిడుంది. ఆవిడ దిద్దిన కాగితాలు ఆవిడే ఎక్కడో పారేసుకుని, నెపం మా పిల్ల మీదకి నెట్టింది. నది వంతెనల కింద ఇసుక ఎందుకు కొట్టుకుపోతుందో మా పిల్ల రాత్రింబవళ్ళు చదివి రాసిన కాగితాలవి. అంత మతిమరుపు మనిషికి ఎవరిచ్చారమ్మా ఉద్యోగం? మేం ఆవిణ్ణి ఎర్రపెన్ను అంటాం."

ఆయా నిటారుగా కూర్చుంది. చెయ్యి తనకు తెలియకుండానే ముడిలోని పెన్ను మీదకి పోయింది.

అప్పుడే ఓవర్సీరుగారి ఫోన్ మోగింది.

"నాన్నా, ఎక్కడున్నారు?" కూతురి గొంతు.

"ఇంట్లోనే."

"నేనూ ఇంట్లోనే ఉన్నా."

"మాకు కనబడకుండా ఏ గదిలో దాక్కున్నావ్?"

"ఉన్నదే ఒక్క గది నాన్నా!"

"అబద్ధాలు కట్టిపెట్టు. మాకన్నీ తెలిసిపోయాయి, అల్లుడి బూట్ల సైజుతో సహా."

"అల్లుడేంటి? పొద్దుట్నుంచీ ఇంకోపక్క పెద్దమ్మ ఫోన్ చేసి పురుడెవరు పోశారని నా ప్రాణం తీస్తోంది. అసలేం జరుగుతోంది?" అని కూతురు ఠక్కున ఆగింది. "నాన్నా, కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

"చెట్టు."

"చెట్టు మొదలా, కొమ్మలా?"

ఆయన తొంగిచూశారు. "కొమ్మలు."

అటునుంచి ఒక మూలుగు వినిపించింది. తరవాత మెట్ల మీద పరుగు చప్పుడు. ఆ చప్పుడు కిందనుంచి వస్తోందని గ్రహించగానే ఓవర్సీరుగారు వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన అంతస్తులు మళ్ళీ లెక్కపెట్టుకున్నారు.

కూతురు గుమ్మంలో ఆగింది. తల్లి చేతుల్లో గైడు కొడుకు. తండ్రి ఎదుట గైడు. "మేడమ్..." అంది. ఆ ఒక్క మాటతో తల్లికీ మొత్తం బోధపడింది. పసివాణ్ణి ఇచ్చెయ్యాలని తెలిసింది, కానీ చేతులు వెంటనే కదల్లేదు.

"మరి ఆ బొంత?" అంది చిన్నగా.

"బాబు పుట్టినప్పుడు నేనే ఇచ్చానమ్మా. మంచి చేసుకుంటే సంతకం పెడుతుందేమోనని."

"లంచమా!" అన్నారు ఓవర్సీరుగారు, ఆ పరిస్థితిలో కూడా ఉలిక్కిపడి.

పసివాడు మళ్ళీ అందుకున్నాడు. ఎవరి మొహం చూడాలో తెలియక గైడు పాలపొడి కోసం వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. కూతురు వెళ్ళి చూస్తే ఆవిడ పాలపొడి డబ్బా చేత్తో పట్టుకుని, అరలో అది ఉన్న చోటునే చూస్తూ నిలబడి ఉంది. అక్కడ ఆవిడ చేతిరాతే ఎర్రగా కనిపిస్తోంది. పక్క డబ్బా ఎత్తింది. ఇంకో పేజీ. పై అరలో ఉపోద్ఘాతం, నడిమి అరలో పట్టికలు, కింది అరలో గిన్నెల కింద ముగింపు.

"అమ్మా, ఇవెక్కడివి?" అంది కూతురు.

"ఉయ్యాల కాలి కింద పెట్టుంటే నాన్నగారు తీశారు. కొట్టివేతలే కదా అని పరిచాను. తప్పు చేశానా తల్లీ?"

కూతురు ఆ జవాబుని మేడమ్ భాషలోకి మార్చి చెప్పింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. గైడు ఉయ్యాలని చూసింది, కాగితాల్ని చూసింది. పసివాడు పుట్టిన కొత్తలో నిద్రలేని కళ్ళతో ఆ పొట్టి కాలు కింద చేతికందిన కట్టేదో తోసినట్టు ఆవిడకి లీలగా గుర్తొచ్చింది. బుకాయించాలంటే బుకాయించవచ్చు. కానీ చుట్టూ అద్దంలా మెరుస్తున్న ఇల్లు, ఎదురుగా తన బిడ్డని జోకొడుతున్న మనిషి.

"మీ నాన్నగారు నా గురించి చెప్పినవన్నీ నిజమే. నన్ను క్షమించు," అంది కూతురితో. జడముడిలోంచి పెన్ను లాగి, కూతురి సంచిలోని గడువు కాగితం తెప్పించుకుని, సంతకం చేసి ఇచ్చింది.

"మా ఆఫీసులో ఎర్రసిరా సంతకం చెల్లదే..." అని ఓవర్సీరుగారు మొదలుపెట్టారు. కూతురు ఆయన కాలు తొక్కింది.

వచ్చేస్తుంటే గైడు మొహమాటపడుతూ తల్లిని ఏదో అడిగింది. రేపు కూడా కాస్త వచ్చి బాబుని ఎత్తుకుంటారా అని. కూతురు తర్జుమా చేసేలోగానే తల్లి తల ఊపేసింది.

ముగ్గురూ మెట్లు దిగి కింది ఇంటికి వచ్చారు. సంతకం పడిందని తల్లికి నిజంగా సంతోషంగా ఉంది. పిల్ల ఇంకో ఏడాది ఇక్కడే ఉండిపోతుందని దిగులుగానూ ఉంది. రెండూ కలిపి కూతుర్ని గట్టిగా కావిలించుకుంది. తరవాత ఆ గది చూసింది. మంచం మీద పుస్తకాలు, పుస్తకాల మీద బట్టలు, బట్టల మీద పళ్ళెం.

"ఏవండీ, పై ఇల్లే నయం," అని మళ్ళీ కొంగు బిగించింది.

"నేను లెక్క తప్పలేదు," అన్నారు ఓవర్సీరుగారు మంచం మీద పుస్తకాలు జరుపుకుంటూ. "వీళ్ళే అడుగు నుంచి మొదలుపెట్టారు."

ఫోన్ టింగుమంది. ఊళ్ళో ఇంటింటికీ తిరిగిన వార్త దూరపు చుట్టం ఒకరి అభినందనగా తిరిగి తల్లి దగ్గరకే చేరింది. దారిలో ఎక్కడో ఒక్క మనవడు కాస్తా కవలలయ్యాడు. ఆవిడ అది రెండుసార్లు చదువుకుని, నిజం చెబుదామని రాయబోయి, ఫోన్ బోర్లించి పక్కన పెట్టింది.

ఆ ఇద్దర్నీ కాదనడానికి ఆ పూటకి ఆవిడకి మనసొప్పలేదు.