చక్రధర్ కంప్యూటర్ తుడిచిన ఆదివారం

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూనే చక్రధర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇవాళ ఇంట్లో కంప్యూటర్‌ను మొత్తం తుడిచేసి, విండోస్ కొత్తగా ఎక్కించాలి. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడుపుకునే మనిషికి ఈ పని ఎందుకంటారా? ఆ కంప్యూటర్ అంత మొండిది మరి. బటన్ నొక్కి, స్నానం చేసి, ఉప్మా తిని వచ్చినా ఇంకా తెర మీద చుక్కలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. దాన్ని కామారెడ్డి దాకా మోసుకుపోయే ఓపిక ఆయనకు లేదు. పైగా ఫోన్‌లో ఎవరో వీడియో పెట్టారు, అందులో అంతా చిటికెలో అయిపోయింది.

"ఏమన్న తుడుచుకో గాని, అవ్వ వీడియో పోయిందనుకో, నేను రామారెడ్డి పోత. మళ్ల రాను" అంది రాజశ్రీ.

ఆమె ఉత్తినే బెదిరించే మనిషి కాదు. కొన్నేళ్ల కింద రామారెడ్డిలో పుట్టింటివాళ్లు ఆమెకు ఒడి బియ్యం పోశారు. మంచం దిగలేని అమ్మమ్మ మంగవ్వ ఆ రోజు పట్టుబట్టి లేచి కూర్చుని, వణికే చేతులతో మనవరాలి ఒడిలో పసుపు బియ్యం పోసింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ముసలామె గొంతు వినిపించే వీడియో అదొక్కటే. తీసినవాడు రాజశ్రీ తమ్ముడు రమేశ్. తీసిన ఫోనేమో పోచారం ప్రాజెక్టు చూడబోయిన రోజు నీళ్ల పాలైంది. మనసు బాగాలేనప్పుడల్లా రాజశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ వీడియో పెట్టుకుంటుంది.

"పెన్ డ్రైవ్‌ల ఎక్కించిన. నీ కండ్ల ముంగటనే ఎక్కించిన గదా. ఇగ ఫికర్ ఎందుకు?" అన్నాడు చక్రధర్. నిజంగానే ఎక్కించాడు. రాజశ్రీ కళ్లారా చూసి, మహిళా సంఘం మీటింగ్‌కు వెళ్లింది.

విండోస్‌ను ముందు ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవాలని ఫోన్ వీడియోలోని మనిషి చెప్పాడు. ఇంట్లో ఉన్నది ఒకటే పెన్ డ్రైవ్, అది కంప్యూటర్‌కు తగిలించే ఉంది. ఈ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని తెర మీద ఇంగ్లిషులో అడిగింది. "చెరిగిపోవాలనే గదా నేను పొద్దుగాలటి సంది కూసున్నది!" అంటూ చక్రధర్ హుషారుగా నొక్కాడు. అది అడుగుతున్నది కంప్యూటర్ గురించి కాదు, పెన్ డ్రైవ్ గురించి. ఆ సంగతి తెలియక, తర్వాత కంప్యూటర్‌ను కూడా శుభ్రంగా తుడిచిపెట్టాడు.

కొత్త విండోస్ తళతళలాడుతూ వచ్చింది. మీసం దువ్వుకుని పెన్ డ్రైవ్ తెరిచాడు. అందులో విండోస్ ఉంది, మంగవ్వ లేదు. తీసి మళ్లీ పెట్టాడు, లేదు. నోటితో ఊది పెట్టాడు, లేదు. చొక్కా అంచుతో తుడిచి పెట్టాడు. అయ్యో, తుడవడంలో మాత్రం ఆయన చేతికి తిరుగులేదు! అప్పటికి సంగతి అర్థమైంది.

ఒడి బియ్యం నాడు ఎవరైనా తమ ఫోన్‌లో ఇంకో వీడియో తీసి ఉండకపోతారా అని, కామారెడ్డిలో ఉండే రమేశ్‌కు ఫోన్ కొట్టాడు.

"రమేశ్, మీ అక్క ఒడి బియ్యం వీడియో ఎవలి తానన్న ఉంటదారా? ఎవలెవలు ఏం పోసిన్రు, ఏం పెట్టిన్రు, అన్నీ కనబడాలె. నాకు ఒకటి చూసుకునేది ఉన్నది. మీ అక్కకైతే చెప్పకు."

"ఏమైంది బావా?"

"ఊకెనే."

ఇవే మాటలు బీర్కూర్‌లో ఉండే రాజశ్రీ చిన్నమ్మ విమలమ్మకూ చెప్పాడు. విమలమ్మ "నా తాన లేదు అల్లుడా" అని టక్కున ఫోన్ పెట్టేసింది.

మన ఇళ్లలో పెట్టిన చీరలకు కట్టుకునే యోగం తక్కువ, తిరిగే యోగం ఎక్కువ. ఒకరు పెట్టిన చీర మడత విప్పకుండా బీరువాలో పెడతాం, ఇంకో శుభకార్యానికి ఇంకొకరికి పెడతాం. అది అందరూ చేసేదే. పెట్టినవాళ్లకే తిరిగి చేరకుండా చూసుకుంటే చాలు. ఒడి బియ్యం నాడు రమేశ్ భార్య సాయిలత తన వదిన రాజశ్రీకి పెట్టిన పచ్చ చీర, అంతకుముందు సాయిలతకు విమలమ్మ పెట్టింది. విమలమ్మకు తన గృహప్రవేశానికి స్వయంగా రాజశ్రీ పెట్టింది. ఆ చీర సాయిలత సంచీలోంచి బయటికి రావడం చూసిన విమలమ్మకు ఆ రోజే చెమటలు పట్టాయి. ఇన్నేళ్లకు అల్లుడు గుట్టుగా వీడియో అడుగుతున్నాడంటే చీరల లెక్క తీస్తున్నాడనే కదా!

ఆమె వెంటనే సాయిలతకు ఫోన్ చేసింది. రమేశ్ ఫోన్‌లో బావ గొంతు పక్కనుంచే విన్న సాయిలత అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మధ్యాహ్నానికి విమలమ్మ బస్సు దిగి వచ్చింది, చంకలో కొత్త చీర డబ్బా. వెనకనే రమేశ్ బండి మీద సాయిలత, ఆమె చేతిలో ఇంకో డబ్బా. చక్రధర్ బిత్తరపోయాడు. వీడియో అడిగితే చీరలు తెస్తారేంటి? ఒకవేళ ఇవాళ మంగవ్వ సంవత్సరీకమా? తను మరిచిపోయాడా? అడిగితే ఇజ్జత్ పోతుందని, "కూసోండ్రి, కూసోండ్రి" అంటూ అందరికీ మంచినీళ్లు ఇచ్చాడు. వాళ్లు కంప్యూటర్ వైపు దొంగచూపులు చూస్తున్నారు. ఆయన కూడా అటే చూస్తున్నాడు.

అంతలో రాజశ్రీ వచ్చింది. వచ్చీ రాగానే చిన్నమ్మ బొట్టు పెట్టి చేతిలో చీర పెట్టింది. మరదలు ఇంకో చీర పెట్టింది.

"ఏందే ఇది? ఇయ్యాల పండుగనా?"

"ఊకెనే బిడ్డా. పెట్టబుద్ధయింది."

"ఊకెనే వదినె."

రాజశ్రీ మొగుడి మొహం చూసింది. ఆ మొహంలో ఆమెకేమీ దొరకలేదు.

చివరికి సాయిలత తట్టుకోలేకపోయింది. "దాపరికమెందుకు వదినె! అన్న మొత్తం కనిపెట్టిండు. ఆ పచ్చ చీర నేను కొన్నది కాదు. చిన్నత్తమ్మ పెట్టిందే నీకు పెట్టిన."

"ఓసి నీ! నా పేరెందుకు తీస్తవు?" విమలమ్మ గయ్యిమంది. "నాకు పెట్టింది రాజశ్రీ గదా!"

అందరూ రాజశ్రీ వైపు తిరిగారు. రాజశ్రీ మాత్రం సాయిలత వైపు తిరిగింది. "ఆ చీర మొదాల నాకు దసరకు పెట్టింది నువ్వే కదనే!"

పాపం ఆ పచ్చ చీర, ఇంత తిరిగినా ఒక్కరి ఒంటి మీదికీ ఎక్కలేదు.

"గవన్ని నాకు తెల్వది" అని విమలమ్మ ఫోన్ బయటికి లాగింది. "ఒడి బియ్యంకైతే నేను కొత్తదే పెట్టిన. అంగట్ల కొన్న. ఇగో, చూడుండ్రి!" తన దగ్గర వీడియో లేదని పొద్దున తనే చెప్పిన మాట ఆ కోపంలో ఆమెకు గుర్తే లేదు.

తెర మీద ఒక ఎర్ర చీర కనబడింది. దాని పక్కనే మంగవ్వ, దోసిట్లో పసుపు బియ్యం. సగం ఒడిలో పడ్డాయి, సగం చాప మీద. "సల్లగుండు బిడ్డా" అంది మంగవ్వ.

ఎర్ర చీరను ఎవరూ చూడలేదు. రాజశ్రీ ఫోన్ రెండు చేతులా పట్టుకుంది. "చిన్నమ్మా, నీ తాన ఉన్నదని ఎన్నడు చెప్పకపోతివి!"

"చూస్తే ఏడుపొస్తదే. అమ్మ కదా నాకు" అంది విమలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటూ. చిన్నమ్మా రాజశ్రీ కలిసి ఏడ్చారు. అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు చక్రధర్. అల్లుడిది ఎంత మంచి మనసో అనుకుంది విమలమ్మ.

ఆయన భార్యను వంటింట్లోకి లాక్కెళ్లి ఉన్నదంతా కక్కేశాడు. రాజశ్రీ వింటూ వింటూ చపాతీ కర్ర చేతిలోకి తీసుకుంది.

"పెన్ డ్రైవ్‌ల గూడ లేదా?"

"లేదు. నేనే తుడిచిన. ఇప్పుడే పోయి అందరికి చెప్త, చీరల ముచ్చటే నాకు తెల్వదని..."

రాజశ్రీ కర్ర కింద పెట్టింది. తలుపు సందులోంచి సోఫా మీది డబ్బాలను ఒకసారి చూసి వచ్చింది.

"నోరు మూసుకో" అంది మెల్లగా. "చెప్తే వాపస్ తీస్కపోతరు."

ఆ వారంలో చుట్టాల్లో వార్త పాకింది. చక్రధర్ పాత వీడియోలు ముందేసుకుని చీరలు పోల్చి చూస్తున్నాడట! రామారెడ్డి నుంచి ఇద్దరు వచ్చారు, బాన్సువాడ నుంచి ఎప్పుడూ రాని వదిన వచ్చింది. అందరూ ఊకెనే వచ్చారు, అందరి చేతుల్లోనూ డబ్బాలున్నాయి. మంగవ్వ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది.

మరుసటి ఆదివారం చాయ్ ఇస్తూ రాజశ్రీ అడిగింది. "ఏమయ్యా, మన పెండ్లి వీడియో ఉన్నదా అని సుత ఒక్కసారి అందరికి ఫోన్ కొట్టరాదు?"

చక్రధర్ కంప్యూటర్ ఇప్పుడు క్షణంలో తెరుచుకుంటోంది. బీరువా తలుపే మూతపడడం లేదు.