పులిగారి పొట్ట, ఏనుగు లద్దె

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమో. ఈమధ్య నాకు వరస నిలవడం లేదు. ఎక్కడైనా తిరగబడితే మీరే సర్దుకుని చదువుకోండి.

ఒక పెద్ద అడవిలో, వెదురుపొదల పక్కన, కొండమ్మ అనే ముసలి ఏనుగు ఉండేది. ఆవిడ కూతురు వరాలు. వరాలు కూతురు బుల్లెమ్మ, అప్పుడప్పుడే పాలతోపాటు ఆకు కొరకడం మొదలుపెట్టిన గున్న.

కొండమ్మకి మతిమరుపు వస్తోంది. ఏనుగులకి జ్ఞాపకం ఎక్కువని అడవంతా చెప్పుకుంటారు కనక, మరిచిపోయే ఏనుగుకి తన బాధ ఎవరితోనూ చెప్పుకోవడానికి ఉండదు. ఏటిదాకా వెళ్ళి ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. ఎవరైనా చూస్తే "గాలికొచ్చాలే" అనేది.

అలాంటి రోజుల్లో ఆ అడవికి ఒక తెల్లటి బొచ్చుకుక్క వచ్చింది. మెడలో గంట. పట్నం వాళ్ళ కారులోంచి దూకి దారి తప్పిందట. నేరుగా వెళ్ళి పులిగారి ముందు పడింది.

"ఎవర్రా నువ్వు?" అన్నారు పులిగారు.

"టైగర్ అంటారు సార్."

"అంటే?"

"పులి అని అర్థం సార్."

పులిగారు తన చారలు ఓసారి చూసుకున్నారు. "నువ్వు పులివైతే మరి నేనెవర్నిరా?"

పక్కనే నక్క పాపయ్య ఉన్నాడు. పులిగారు ఎక్కడుంటే పాపయ్య అక్కడే. "ఆ సంగతి భోజనం అయ్యాక తేల్చుకోవచ్చు, అయ్యగారూ. ముందు కానివ్వండి," అన్నాడు.

కుక్క గంట గలగలమంది. "నన్ను తింటే మీకే నష్టం సార్! పుట్టినప్పట్నుంచీ ప్యాకెట్ తిండి తిన్నవాణ్ణి. ఒళ్ళంతా నిలవ మందులే. ఎండలో పడేసినా వచ్చే వానాకాలందాకా చెడను!"

పులిగారు ఎత్తిన పంజా దించారు. "మరి నేను తినే దుప్పి?"

"దుప్పి ప్రకృతిసిద్ధం సార్. కానీ కడిగారా?"

పులిగారిని అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. ఆయనకి సిగ్గేసింది.

కుక్కకి కిటుకు అర్థమైంది. బతకాలంటే ఆపకుండా మాట్లాడాలి. "మీ పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయి సార్. కంటికి కనిపించవు."

"నాతో చెప్పకుండానే?"

"చెప్పవు సార్."

"ఏం తింటాయి?"

"మీరు తిన్నదే."

పులిగారు చాలాసేపు పొట్టకేసి చూసుకున్నారు. "అంటే ఇన్నాళ్ళూ వేటాడింది నేనూ, తిన్నది వాళ్ళూనా?"

ఆ పూటే అరణ్య ప్రకృతి ఆరోగ్య మండలి ఏర్పడింది. అధ్యక్షులు పులిగారు, కార్యదర్శి పాపయ్య, సలహాదారు టైగర్. అడవిలో ఉన్న మురికంతా పోగొట్టి ప్రకృతిని కాపాడాలని తీర్మానించారు. ఎవరూ బురదలో పొర్లకూడదు. తల్లులు పిల్లల్ని నాకకూడదు. సూక్ష్మజీవులకి లద్దెలూ, పేడలూ, పెంటికలే పుట్టిళ్ళు కనక, అవన్నీ ఎప్పటికప్పుడు నల్లబండ దగ్గర ఒకేచోట పోసి ముళ్ళకంచె వెయ్యాలి. కాపలాకి కోతులు.

కుందేలు వీర్రాజు ముందుకొచ్చాడు. పేరు వీర్రాజే గానీ ఆకు కదిలినా గుండె ఆగుతుంది. "నాదొక మనవి. తెల్లారగట్ట వేసే మెత్తటి పెంటికలు నావి నేనే తింటాను. తాతలనాటి అలవాటు. మరొకరి సొత్తు ముట్టుకోనండి."

"ఛీఛీ," అన్నాడు పాపయ్య. "సభలో చెప్పుకునే మాటేనా అది?"

"ఒంటరిగా తింటానండి."

"మానెయ్."

వీర్రాజు మానేశాడు. కొన్నాళ్ళకి చిక్కి చిక్కి చెవులు మాత్రమే మిగిలాడు.

ఇప్పుడు బుల్లెమ్మ సంగతి. ఇది ముందే చెప్పాల్సింది. ఏనుగుల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గున్న ఆకు కొరకడం మొదలుపెట్టగానే తల్లి వేసిన వేడివేడి లద్దె కాస్త తింటుంది. అది పొట్టలో పడితేగానీ ఆకు అరగదు. ఎందుకూ అంటే ఏ ఏనుగుకీ తెలీదు. బుల్లెమ్మ అలా తొండం చాపేసరికి కోతులు ఈలలు వేసి, మూడు ఏనుగుల్నీ మండలి ముందుకి తోలుకుపోయాయి.

"పసిపిల్ల చేత మలం తినిపిస్తారా మేడమ్?" అన్నాడు టైగర్, ముక్కు పక్కకి తిప్పుకుని.

"మా ఇంటి పద్ధతి బాబూ," అంది కొండమ్మ.

"ఎవరు చెప్పారు?" అన్నాడు పాపయ్య.

"మా అమ్మ."

"ఆవిడకి?"

"వాళ్ళమ్మ."

"మొట్టమొదటి అమ్మకి ఎవరు చెప్పారు? ఏమని చెప్పారు? ఆ మాటలు అప్పజెప్పండి. ఏనుగులకి మరుపు ఉండదుగా!"

కొండమ్మ నోరు తెరిచింది. అమ్మ గొంతు గుర్తొచ్చింది. అమ్మ చెవిమీద చిరుగు గుర్తొచ్చింది. మాటలు మాత్రం ఒక్కటీ రాలేదు. అసలు అమ్మ తినమన్నది లద్దేనా, ఏటిగట్టు మట్టా? తనే ఏదో ఒకటి అనుకుని పిల్లల్ని పెంచేసిందా? అందరూ తనవంకే చూస్తున్నారు.

"గాలికొచ్చాను," అంది.

కోతులు పగలబడి నవ్వాయి. వరాలు తల దించుకుంది. బుల్లెమ్మకి లద్దె నిషేధించారు. బదులుగా ఏట్లో మూడుసార్లు కడిగిన ఆకు పెట్టమన్నారు.

కడిగిన ఆకు బుల్లెమ్మ పొట్టలో కడిగినట్టే ఉండిపోయింది. పొట్ట ఉబ్బి డోలులా అయింది. ముట్టుకుంటే మోగేది. ఆట మానేసింది. తల్లి పొట్టకింద నిలబడి కళ్ళు మూసుకునేది. కొండమ్మ దాని చెవులు విసురుతూ నిలబడేది. ఆవిడ భయమల్లా ఆ పిల్ల పడుకుంటుందేమోనని. ఉబ్బిన గున్న పడుకుంటే మళ్ళీ లేవదు.

అక్కడ అధ్యక్షులవారి పరిస్థితీ బాగాలేదు. టైగర్ మాట విని, దుప్పి పేగులు పారేసి, మాంసం ఏట్లో పిండి, పక్కన ఉప్పులేని గుమ్మడిముక్కతో తింటున్నారు. దాంతో ఆయనకి లోపలిది బయటికి రావడం ఆగిపోయింది. అడవంతా ఆందోళన. పాపయ్య బండెక్కి రోజూ ప్రకటించేవాడు: "అధ్యక్షులవారికి ఇంకా కాలేదు! ప్రయత్నిస్తున్నారు! పుకార్లు నమ్మవద్దు!"

దుప్పులు ఆ ప్రయత్నం సఫలం కావాలని ప్రార్థన కూడా చేశాయి, చెయ్యకపోతే బాగుండదని.

చివరికి పులిగారు టైగర్ మెడ పట్టుకున్నారు. "నీలో నిలవ మందులున్నా సరే, ఇవాళ తింటాను."

"గుర్తొచ్చింది సార్!" అని అరిచాడు టైగర్. "పట్నంలో నాకిలాగే అయితే డాక్టరుగారు డబ్బాలోంచి ఒక పొడి వేశారు. మంచి సూక్ష్మజీవులట!"

"మంచివి కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. అసలు ఎక్కువ అవే."

"మరి ముందు చెప్పలేదే?"

"మీరు అడగలేదు సార్."

అవి ఎక్కడ దొరుకుతాయి? పాపయ్య మెల్లిగా నల్లబండవైపు చూశాడు. కంచెలోపల అడవి అంతటి లద్దె, పేడ, పెంటికలు, రెట్టలు గుట్టగా పడున్నాయి. మధ్యాహ్నానికల్లా అక్కడ "నిషిద్ధ స్థలం" పోయి "జీవసార కేంద్రం" వచ్చింది. అన్నీ కలిపి, తుమ్మజిగురు వేసి ఉండలు కట్టారు. కాపలా కోతులే పంపిణీ కోతులయ్యాయి. మొదటి ఉండ పులిగారికి.

పొద్దు వాలేలోపు అధ్యక్షులవారికి అయింది. పాపయ్య బండెక్కి ఆ వార్త రెండుసార్లు ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంక ఉండలకోసం బారులు తీరారు. ఇన్నాళ్ళూ ఎవరిది వాళ్ళు పారబోసుకున్నదే, ఇప్పుడు కోతుల చేతుల్లోంచి కళ్ళకద్దుకుని తీసుకున్నారు.

ఇబ్బందల్లా, ఆ ఉండల్లో అందరివీ ఉన్నాయి. ఎవరి పొట్టలోకి ఎవరి కాపురాలు చేరాయో ఎవరికి తెలుసు? మర్నాడు పులిగారు దుప్పులమందలోకి వచ్చి, తల వంచి గడ్డి కొరికారు. దుప్పులు పారిపోవడం కూడా మరిచిపోయాయి. "ఇటువైపు లేతగా ఉందా, అమ్మా?" అని ఒక ముసలి దుప్పిని మర్యాదగా అడిగారు. టైగర్‌కి గబ్బిలాల వాటా ఎక్కువ పడిందేమో, కొమ్మకి తలకిందులుగా వేలాడబోయి మూడుసార్లు నెత్తిమీద పడ్డాడు. వీర్రాజు మాత్రం పాపయ్య వెనకాలే నడుస్తున్నాడు. ఆగితే ఆగుతున్నాడు. పెదాలు నాక్కుంటున్నాడు.

ఆ గందరగోళంలో కొండమ్మ బుల్లెమ్మని నెమ్మదిగా నడిపించుకుంటూ వరసలో ముందుకొచ్చింది. పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి. పాపయ్య ఒక ఉండ ఆకులో పెట్టి ఇచ్చాడు.

కొండమ్మ వాసన చూసింది. అందులో పంది ఉంది. రాబందు ఉంది. పులిగారు కూడా ఉన్నారు. వరాలు ఎక్కడో అడుగున ఉన్నట్టూ లేనట్టూ ఉంది. ఆ వాసన వెనకాలే ఇంకో వాసన వచ్చింది. చిన్నప్పుడు తన తొండానికి తగిలిన వేడి. పైన చిరుగు చెవితో అమ్మ. అమ్మ ఏమీ చెప్పలేదు! అందుకే మాటలు గుర్తు రాలేదు. అమ్మ ఊరికే నిలబడింది, తను తింది.

"ఇది మాది కాదు," అంది కొండమ్మ.

"జీవసారానికి మాదీ మీదీ ఏమిటి? తినిపించండి, వెనక జనం ఉన్నారు," అన్నాడు పాపయ్య.

బుల్లెమ్మ ముందుకాళ్ళు మడిచింది. పడుకోబోతోంది.

కొండమ్మ తన తల దాని పొట్టకింద పెట్టి ఎత్తి పట్టుకుంది. "వరాలూ, కానియ్యి!"

"ఇక్కడా? ఇందరిలోనా అమ్మా?"

"ఇక్కడే! ఇప్పుడే!"

"అనుమతి లేదు!" పాపయ్య బండ దిగి అడ్డం వచ్చాడు. "మండలి కలపనిది, ఉండ కట్టనిది, అది వట్టి మురి..."

మాట పూర్తి కాలేదు. "పాపయ్య మావా," అన్నాడు వీర్రాజు వెనకనించి, ఎంతో ప్రేమగా. "తొడ భలే కండపట్టి ఉంది మావా నీది."

ఆ తరవాత నక్క ముందూ కుందేలు వెనకా. అలాంటి పరుగు ఆ అడవి ముందెన్నడూ చూడలేదు. పంపిణీ కోతులు ఉండలు వదిలేసి చెట్లెక్కాయి. ఆ సందులో వరాలు సిగ్గు చంపుకుని పని కానిచ్చింది. ఆవిరి లేస్తోంది. బుల్లెమ్మ కళ్ళు సగం తెరిచి, తొండంతో ముట్టుకుని, నోట్లో పెట్టుకుంది. కొండమ్మ ఊరికే నిలబడింది.

పిల్లని నిలబెట్టి ఉంచడానికి తల్లీ అమ్మమ్మా చెరోవైపు ఆనుకున్నారు. అలాగే రోజులు గడిచాయి. ఒక ఉదయం బుల్లెమ్మ పొట్టలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. చెట్లమీద పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. కొమ్మమీద ఉన్న టైగర్ మళ్ళీ కింద పడ్డాడు. బుల్లెమ్మ తేలిగ్గా ఊపిరి వదిలి, వెదురాకుకోసం వెతుక్కుంది. కొండమ్మ కళ్ళు తుడుచుకుంది.

కబురు మండలికి చేరింది. తోక సగం పోగొట్టుకున్న పాపయ్య సభ పెట్టించి తీర్మానం చదివాడు. మండలి జరిపిన రెండో పరిశోధనలో, ఎవరి తల్లిది వాళ్ళకే పడుతుందని తేలిందట. కనక ఇకనుంచి గున్నలు తమ తల్లుల లద్దెనే తినాలి, కోతుల పర్యవేక్షణలో, నల్లబండ దగ్గర మాత్రమే. పులిగారు కడగని దుప్పికి తిరిగొచ్చారు. దుప్పులకి మాత్రం ఆ గడ్డిరోజులే బాగున్నాయి. టైగర్ సలహాదారుగానే ఉన్నాడు. మొదట తప్పు చెప్పినవాడికంటే అనుభవజ్ఞుడు ఎవరుంటారు?

పరిశోధనకి సహకరించినందుకు కొండమ్మ మెడలో తుంగగడ్డి దండ వేశారు.

"ఈ పద్ధతి మీకు ఎవరు నేర్పారో సభకి చెప్పండి," అన్నాడు పాపయ్య.

'మా అమ్మ' అనబోయింది కొండమ్మ. అంటే మళ్ళీ సాక్ష్యం అడుగుతారు. కంచె అవతల బుల్లెమ్మ బురదలో పొర్లుతోంది.

"మరిచిపోయానండీ," అంది.

సభంతా చప్పట్లు కొట్టింది. మరుపు తనకి పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

నీతి: తల్లి పెడితే మురికి, మండలి పెడితే మందు.

హైమా, ఈ కథ అచ్చుకి పంపేముందు పేర్లన్నీ మొదట్నుంచీ ఓసారి సరిచూసిపెట్టవే తల్లీ. నక్క పాపయ్యో కుందేలు పాపయ్యో మధ్యలో తడబడ్డానేమో. పులిగారి పేరు మాత్రం వెతక్కు. ఉన్న ఒక్కటీ కుక్క వాడేసుకుంది.