ఛైర్మన్ గారి చిన్న కారు

ఇకమీదట తాను చిన్న కారులోనే తిరుగుతానని నిరాడంబర జీవన ప్రచార సంస్థ ఛైర్మన్ బసవేశ్వరరావు గారు తెనాలిలోని ఏసీ కల్యాణ మండపంలో ప్రకటించినప్పుడు ముందు వరుసలో వాళ్లంతా కళ్లొత్తుకున్నారు. నేను మూడో వరుసలో ఉన్నాను కాబట్టి చప్పట్లతో సరిపెట్టాను. ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆయన తొమ్మిది పెద్ద కార్లతో వచ్చారు. తొమ్మిదీ ఒకే రంగు, ఒకే ఎత్తు. లోపలి ఆడంబరం బయటికి కనపడకూడదని అన్నింటికీ నల్ల అద్దాలు వేయించారు.

పేదవాడు ఏ కారెక్కుతాడో తానూ అదే ఎక్కుతానని ఆయన అన్నారు. పేదవాడు కారెందుకు ఎక్కుతాడని వెనకాల ఎవరో గొణిగారు. ఆ గొణిగినాయన్ని వెంటనే వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, సభ అయ్యేదాకా అక్కడే కూర్చోబెట్టారు. నోరు మూయించడానికి ఇంత మర్యాదైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

బజార్లో బడ్జెట్ కార్లు బోలెడున్నాయి. వాటి మంచిచెడ్డలు బేరీజు వేసి ఒకటి తేల్చడానికి అక్కడికక్కడే ముగ్గురితో కమిటీ వేశారు. పీఏ గౌతమ్, యువజన విభాగం బాబీ, సాంకేతిక నిపుణుడి హోదాలో నేను. నా పేరు నరసింహారావు. పందొమ్మిదేళ్లుగా తెనాలిలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. స్కూలంటే ఒక కారు. దానికి ముందొకటి వెనకొకటి ఎల్ బోర్డులు, నేర్చుకునేవాడు భయపడినప్పుడు నేను తొక్కడానికి పక్క సీటు దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్. పేపర్లో నా పేరు పక్కన "నిపుణుడు" అని పడితే మా ఆవిడ అనసూయ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

మొదటి సమావేశానికి నేను రాత్రంతా కూర్చుని రాసుకున్న కాగితాలతో వెళ్లాను. మైలేజీ ఎంత, స్పేర్ పార్టులు తెనాలిలో దొరుకుతాయా, సర్వీసుకి గుంటూరు పోవాలా, ఎయిర్ బ్యాగులు ఎన్ని, డిక్కీలో ఎంత పడుతుంది. గౌతమ్ ఎర్ర పెన్ను తీశాడు. మైలేజీ కొట్టేశాడు, ఎందుకంటే పెట్రోలు సంస్థ పోయిస్తుంది. ఎయిర్ బ్యాగులు కొట్టేశాడు, ఎందుకంటే తన ఎదురుగా ఇంకేదీ ఉబ్బడం అయ్యగారికి గిట్టదు. డిక్కీ మాత్రం ఉంచాడు. రోజూ వచ్చే శాలువాలు, బొకేలు అందులోనే పెట్టాలి.

తర్వాత అసలైన పరీక్షలు చేర్చాడు. కారులో కూర్చుని దండం పెడితే ఆ దండం ఎన్ని గజాల దూరానికి కనపడుతుంది? పక్కన వేలాడటానికి ఫుట్‌బోర్డు ఉందా? అన్నిటికంటే ముఖ్యం, డోర్లు ఎన్ని? ఛైర్మన్ గారు దిగేటప్పుడు డోరు తీసే హక్కు మా దగ్గర పదకొండు మంది అనుచరులకి ఉంది. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ అందరికీ తెలుసు. చేబ్రోలాయన తెనాలిలో తీయకూడదు. బాపట్లాయన చేబ్రోల్లో తీయకూడదు. కొల్లిపరాయన మాత్రం ఎక్కడైనా తీయొచ్చు, ఆయన పాత ఎలక్షన్లో అయ్యగారి కారు డోరులోనే వేలు పోగొట్టుకున్నాడు. చిన్న కారుకి ఉన్నవి నాలుగే డోర్లు. ఒకే డోరుని వరసగా పదకొండు మంది తీసి వేస్తే పదకొండోసారి అయ్యగారు దిగాలని తీర్మానించి, వాచీ పెట్టుకుని చూశాం. ఏడు నిమిషాలు పట్టింది. ఆమోదించాం.

ఇక కార్లు కావాలి. ఒక షోరూం వాళ్లు తెల్ల కారు పంపారు, ఇంకో షోరూం వాళ్లు ఎర్రది పంపారు. మూడో షోరూంలో, వచ్చింది మేమని తెలియగానే, స్టాకు లేదన్నారు. అద్దంలోంచి ఆరు కార్లు కనపడుతున్నాయి. రెండింటితోనే తేలిస్తే ఎవరికో మేలు చేశారంటారని గౌతమ్ మూడోది ఎవరిదైనా సరే తెమ్మన్నాడు. నాకు మనోహర్ గుర్తొచ్చాడు.

మనోహర్‌ది రేపల్లె. నా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. వాళ్లమ్మ కరుణ గారు లూథరన్ స్కూల్లో లెక్కల టీచరుగా రిటైరయ్యారు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పొద్దున తొమ్మిదికి తెనాలిలో ఆమెకు డయాలసిస్. అందుకోసమే అతను సెకండ్ హ్యాండులో బూడిదరంగు చిన్న కారు కొన్నాడు. ఒక్క ఆదివారం కారు తెమ్మని నేనడిగాను. మాస్టారు అడిగారు కదా అని తెచ్చాడు.

మూడు కార్లూ తెనాలి నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రేపల్లె వెళ్లి, అక్కడి నుంచి తిరిగి తెనాలి రావాలి. రేపల్లె దాకా బాగానే వెళ్లాం. అక్కడి నుంచి వచ్చే రోడ్డు ఛైర్మన్ గారు రెండుసార్లు శంకుస్థాపన చేసిన రోడ్డు. శిలాఫలకాలు రెండూ చెక్కుచెదరలేదు. వాటి చుట్టూ వేసిన నాలుగు గజాల సిమెంటు తప్ప ఆ దారిలో చదునైన చోటు లేదు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర తెల్ల కారు పొట్ట నేలకానుకుని ఆగిపోయింది. ఇంకాస్త ముందుకొచ్చాక ఎర్ర కారు బంపరు రోడ్డు మీదే ఉండిపోయింది. బూడిదరంగు కారు మాత్రం చప్పుడు లేకుండా తెనాలి చేరింది. ఎలాగని గౌతమ్ అడిగాడు.

"అమ్మకి సూది గుచ్చిన చెయ్యి కదలకూడదండి," అన్నాడు మనోహర్. "ఎక్కడ గొయ్యుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసండి."

నివేదిక గౌతమే రాశాడు. చిన్న కార్లలో ఉన్న ప్రధాన లోపం, రోడ్డు ఎలా ఉందో లోపల కూర్చున్నవాళ్లకు తెలిసిపోవడం. బూడిదరంగు కారులో ఈ లోపం లేనందున దాన్ని ఎంపిక చేయడమైనది. ఆ గొప్పతనం డ్రైవరుదని నేను అడుగున ఒక వాక్యం చేర్చాను. అది వాహనానికి సంబంధించింది కాదని కొట్టేశాడు. నేను సంతకం పెట్టాను.

సోమవారం రేపల్లెలో ప్రారంభ యాత్ర. అప్పటిదాకా కారు బాబీ దగ్గరే ఉంటుందన్నారు. మనోహర్ తాళం చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"మంగళవారం పొద్దున అమ్మని తీసుకెళ్లాలండి."

"సోమవారం సాయంత్రానికి మీ వాకిట్లో ఉంటుంది. నాదీ పూచీ," అన్నాను నేను. పేపర్లో పేరు పడ్డాక మనిషికి ధైర్యం దానంతటదే వస్తుంది. అతను తాళం ఇచ్చేశాడు.

సోమవారం రేపల్లెలో కారుని చూసి ముందు గుర్తుపట్టలేదు. ఛైర్మన్ గారు నిలబడి జనానికి చేతులూపాలంటే పైన కిటికీ ఉండాలి. ఈ కారుకి లేదు. కాబట్టి బాబీ దాన్ని బాపట్ల తీసుకెళ్లి, ఒక షెడ్డులో గ్యాస్ కట్టర్‌తో పైకప్పుకి గుండ్రంగా కన్నం పెట్టించాడు. అంచుల చుట్టూ పార్టీ రంగుల కండువా చుట్టాడు. పనితనం బాగుందనే చెప్పాలి.

మనోహర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికొచ్చాడు. "వానొస్తే అమ్మ ఎక్కడ కూర్చుంటుంది మాస్టారూ?" అని అడిగాడు. నాకు సిగ్గేసింది. గౌతమ్ చూస్తున్నాడు కాబట్టి, గొప్ప పనులు జరిగేటప్పుడు చిన్న ఇబ్బందులు తప్పవని చెప్పాను.

యాత్ర మొదలైంది. ముందు చిన్న కారు. దాని నిరాడంబరతకు రక్షణగా వెనక పద్నాలుగు పెద్ద కార్లు. ఛైర్మన్ గారు కన్నంలోంచి నడుము దాకా పైకొచ్చి దండం పెడుతుంటే ఆ దండం నిజంగానే చాలా దూరానికి కనపడింది. సెంటర్లో గజమాల సిద్ధంగా ఉంది. మూడు వందల కేజీల బత్తాయిలు గుచ్చి కట్టిన దండ, క్రేనుకి వేలాడుతోంది. మా దగ్గర గజమాల లేకుండా నాయకుడు ఊళ్లోకి రాడు. ఎప్పుడూ పెద్ద కారు మీద దించడమే అలవాటు గనక బరువు సంగతి పదకొండు మందిలో ఒక్కరికీ తట్టలేదు. నిపుణుడికీ తట్టలేదు.

క్రేను దండని మెల్లగా దించింది. దండతోపాటు ఛైర్మన్ గారూ మెల్లగా దిగారు. కప్పు కుంగింది, ముందద్దం పగిలింది, నాలుగు టైర్లూ పక్కలకి ఒరిగాయి. డోరు తీద్దామని పదకొండు మందీ ఉరికారు గానీ ఆ డోర్లు ఇక ఎవరికీ రాలేదు. అదే గ్యాస్ కట్టర్ తెప్పించి కన్నం పెద్దది చేసి అయ్యగారిని బయటికి తీశారు. ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆయన మూడో నంబరు పెద్ద కారెక్కి వెళ్లిపోయారు. బత్తాయిలు జనం ఏరుకున్నారు. రేపల్లె ప్రజలకు ఆ సంస్థ వల్ల నేరుగా అందిన లబ్ధి నాకు తెలిసి అదొక్కటే.

నలిగిన కారు ఫొటో గంటలో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. గౌతమ్ సాయంత్రానికల్లా ప్రెస్ నోటు ఇచ్చాడు: తాను స్వయంగా ప్రయాణించిన కారుని ఛైర్మన్ గారు ఒక పేద డయాలసిస్ రోగికి బహూకరిస్తున్నారు, మంగళవారం ఉదయం ఎనిమిదింటికి రేపల్లెలో సభ.

పూచీ నాది కాబట్టి మంగళవారం తెల్లారేసరికి నా స్కూలు కారేసుకుని రేపల్లె వెళ్లాను, కరుణ గారిని తెనాలి తీసుకెళ్దామని. ఆమెను ఎక్కించుకుని బయల్దేరితే వీధి మొగలోనే బాబీ ఆపాడు. పది నిమిషాల పనేనని ఆమెను షామియానా కింద కూర్చోబెట్టాడు. ఆమె కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఎనిమిదైంది. తొమ్మిదైంది.

"తొమ్మిది దాటితే నా మంచం ఇంకొకళ్లకి ఇచ్చేస్తారండి," అన్నారామె నాతో. లెక్క తప్పిన పిల్లాడికి చెప్పినట్టు నెమ్మదిగానే అన్నారు.

నేను వెళ్లి గౌతమ్‌కి చెప్పాను. ప్రోగ్రామే అమ్మగారి పేరు మీద పెట్టామని, ఆవిడ లేకపోతే ఎలాగని అతను నా మీదే విసుక్కున్నాడు. ఛైర్మన్ గారు పదీ నలభైకి వచ్చారు. నలిగిన కారుకి రిబ్బను కట్టారు. దాని పక్కన మనోహర్‌ని నిలబెట్టి నవ్వమన్నారు. అతను కారు వంకే చూస్తూ ఉండిపోయాడు. అయ్యగారు ఆరడుగుల థర్మకోల్ తాళం చెవి కరుణ గారి చేతుల్లో పెట్టారు. రెండు మాటలు మాట్లాడమని మైకిచ్చారు. ఆమె టైమెంతయిందని మైకులోనే అడిగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇప్పటికీ ఆ చప్పుడు నా చేతుల్లో ఉన్నట్టే ఉంటుంది.

దిగి వస్తూ ఛైర్మన్ గారు నా కారు దగ్గర ఆగారు. లోపలికి తొంగిచూసి, పక్క సీటు దగ్గర బ్రేకు ఎందుకుందని అడిగారు. డ్రైవరు ఎటు పోనిచ్చినా పక్కనున్నవాడు ఆపొచ్చని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది.

"ఇన్నాళ్లూ నాకు కావలసింది ఇదేనయ్యా," అన్నారు.

కమిటీ అక్కడే, రోడ్డు మీదే సమావేశమైంది. గౌతమ్ ప్రతిపాదించాడు, బాబీ బలపరిచాడు. నేను నోరు తెరిచాను. నా భుజాల మీద శాలువా పడింది. తీర్మానం ఏకగ్రీవం. నా కారు బాబీ చేతుల్లో బాపట్ల వైపు వెళ్లిపోయింది, కన్నం కోసం.

పన్నెండు కావస్తుండగా మేం ముగ్గురం తెనాలి బస్సెక్కాం. మధ్యాహ్నానికైనా ఏదో ఒక మంచం ఖాళీ కాకపోతుందా అని మనోహర్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. తాళం చెవి పారేస్తే బాగోదని, రేపు ఇంటి దగ్గర దానితో ఫొటో తీస్తారని గౌతమ్ మరీ మరీ చెప్పి పంపాడు. అది సీట్లో పట్టలేదు. కరుణ గారే రెండు చేతులా నిలువుగా పట్టుకుని కూర్చున్నారు. కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత సున్నా టికెట్టు ఇచ్చాడు. తర్వాత తాళం చెవిని కిందనుంచి పైదాకా చూశాడు.

"ఇదేంటండి అమ్మగారూ?"

"మా కారు తాళం బాబూ," అన్నారామె.