శివారు తలలకు తొలి వంతు

రేపల్లెలోని ఒక లూథరన్ చర్చిలో జూన్ రెండో ఆదివారం ఒక పెళ్ళికి అభ్యంతరం వచ్చింది. పాస్టరుగారు అజయ్ బాబు, జెన్నిఫర్‌ల వివాహ ప్రకటనను రెండోసారి చదివి, ఆనవాయితీ ప్రకారం, అభ్యంతరం గలవారు ఇప్పుడే తెలియజేయవలెనన్నారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాటకు ఎవరూ లేవలేదు. ఈసారి పెళ్ళికొడుకు లేచాడు.

"పెళ్ళికి కాదండి, తేదీకి," అన్నాడు.

అజయ్ బాబు చెరుకుపల్లిలో లెక్కల మాస్టారు. వయసు ముప్ఫయి మూడు. జుట్టు చెవుల పక్కనే మిగిలింది. వారం ముందు అతను పత్రికలో ఒక వార్త చదివాడు. మనిషి తలలోంచి కొన్ని కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి తలలో నాటే విధానంపై పరిశోధన జరుగుతోందనీ, ఎలుకల్లో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయనీ దాని సారాంశం. పెళ్ళి ఫొటో నలభయ్యేళ్ళు గోడమీద ఉంటుంది. కనుక జుట్టు వచ్చాకే ఫొటో, ఫొటో తీసిన రోజే పెళ్ళి అని అతను నిర్ణయించాడు.

డెల్టాలో ఈ వార్త అర్థం కానివారు లేరు. విత్తనం, నారుమడి, నాట్లు. అనుమానం ఒక్కటే మిగిలింది. కాలువ నీరు ముందు తెనాలికి వస్తుంది, చివర రేపల్లెకు వస్తుంది. రేపల్లెకు రాని ఏళ్ళూ ఉన్నాయి. జుట్టు కూడా ఎగువనే ఆగిపోతే?

నెల తిరక్కుండా బట్టతలల సంఘం ఏర్పడింది. కాలువ తూముల దగ్గర ముప్ఫయ్యారేళ్ళు పనిచేసి రిటైరైన సుందరయ్యను అధ్యక్షుణ్ణి చేశారు. "నీటి విషయంలో మనకు జరిగిన అన్యాయం నెత్తి విషయంలో జరగనివ్వం. శివారు తలలకే తొలి వంతు," అని ఆయన తొలి సభలో ప్రకటించారు. జిల్లా కేంద్రం తమది కనుక తొలి వంతు తమదేనని బాపట్ల సభ్యులు వాకౌట్ చేసి, టిఫిన్ పెట్టే వేళకు తిరిగి వచ్చారు. నిండుగా జుట్టున్న పదకొండు మంది ముందుచూపుతో సభ్యులయ్యారు. ఒకాయన ఎనిమిది నెలల మనవణ్ణి తీసుకొస్తే, తల పరిశీలించి, అర్హుడేనని తేల్చారు. అజయ్ బాబుకు ఒకటో నంబరు దక్కింది.

ప్రతినిధి బృందం తెనాలి వెళ్ళి చర్మవ్యాధుల డాక్టర్ హైమావతిని కలిసింది.

"మనుషుల్లో ఇంకా రుజువు కాలేదండి. ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో నేను చెప్పలేను," అన్నారామె.

మెట్లు దిగుతూ సుందరయ్య వివరించారు. "విన్నారుగా. కాదనలేదు. నీళ్ళొదిలే తేదీ కూడా అధికారులు ముందు చెప్పర్రా అబ్బాయ్."

తేదీ దాచినందుకు డాక్టరుగారిపై అసంతృప్తి తెలుపుతూ, ఆమె నిజాయితీని ప్రశంసిస్తూ సంఘం ఒకే తీర్మానం చేసింది.

జెన్నిఫర్ తెనాలిలో నర్సు. తర్వాతి ఆదివారం చర్చి బయట ఆమె అజయ్ బాబును ఆపింది.

"మీ తల చూసే ఒప్పుకున్నానండి నేను."

"మీరు ఒప్పుకున్నారు. ఫొటో చూసేవాళ్ళు ఒప్పుకోవాలి కదండి."

"ఎన్నాళ్ళు?"

"తేదీ రాలేదండి. నంబరొచ్చింది."

"ఎలుకలకు ముందునుంచీ జుట్టుంది కదండి," అంది జెన్నిఫర్.

అది సైన్సుకు సంబంధించిన విషయమని అతను చెప్పాడు.

జెన్నిఫర్ ఎనిమిది నెలలు ఆగింది. ఫిబ్రవరిలో అదే చర్చిలో ఆమె పేరు మళ్ళీ చదివారు. ఈసారి పక్కన పెనుమూడి ఏసుబాబు పేరుంది. అతనికీ బట్టతలే. సంఘంలో ఎందుకు చేరలేదని అడిగితే, "పోయేటప్పుడు నన్నడగలేదండి. వచ్చేదైతే అదే వస్తుందిలే," అన్నాడట.

పాస్టరుగారు అభ్యంతరాల మాట చదివి ఆగారు. అందరూ అజయ్ బాబు వైపు చూశారు. అతని చెయ్యి తలమీదకు వెళ్ళింది. అక్కడ పనేమీ లేక తిరిగి ఒళ్ళోకి వచ్చింది. అతను లేవలేదు.

ఒకటో నంబరు ఉండగా నంబరే లేని వ్యక్తి పెళ్ళి చేసుకోవడం వంతుల విధానానికి విరుద్ధమని ఆ సాయంత్రం సంఘం ఖండించింది. అజయ్ బాబు నంబరుకు ఢోకా లేదని సుందరయ్య హామీ ఇచ్చారు.

మూడో వారం అజయ్ బాబు తల్లి కాంతమ్మ పత్రికలో ప్రకటన వేయించింది. పూర్తి పాఠం ఇది: "లూథరన్, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, 34, వధువు కావలెను. అమ్మాయికి నడుము దాటిన ఒత్తైన జుట్టు ఉండవలెను, సవరం కాదని రుజువు చూపవలెను. అబ్బాయి ఫొటో చికిత్స వచ్చిన తర్వాత పంపబడును."

ఇప్పటికి నలభయ్యారు సంబంధాలు వచ్చాయి. అందరూ అమ్మాయి ఫొటో వెనకవైపు నుంచి కూడా తీయించి పంపారు.